బాగానే ఉంది కదా... అని ఊరుకోకండి!

కుక్క ఏదో తినేసింది. ఏం తిన్నదో చూసినవాళ్లు లేరు. పిలిస్తే వస్తోంది, తోక ఊపుతోంది, గిన్నెలో పెట్టిన అన్నం కూడా ఖాళీ చేసింది. 'బాగానే ఉంది కదా... పొద్దున చూద్దాంలే' అని ఇంటిల్లిపాదీ పడుకుంటారు. విషం తిన్న కుక్క ప్రాణం మీదకు తెచ్చేది చాలాసార్లు ఈ మాటే. ఎందుకంటే ఒక్కో విషానికి ఒక్కో గడియారం. ఒకటి అరగంటలో పని మొదలుపెడుతుంది. ఒకటి అయిదు రోజుల దాకా కిక్కురుమనదు. ఇంకొకటి వారాల తరబడి కాలేయాన్ని కొరుక్కు తింటుంది. ఆ మూడోది ఎక్కడ ఉంటుందో తెలుసా? అనంతపురం రైతు ఇంట్లో, శనక్కాయల మూటలో!

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు అనుకునే నేల ఇది. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా విడిపోయినా, రెండు జిల్లాల కరవూ ఒక్కటే. ఈ కరవుకు తట్టుకుని బతికే జీవాల్లో గొర్రెల మంద ఒకటైతే, దాని వెంట నడిచే కుక్క మరొకటి. మంద మేతకోసం ఊళ్లు దాటితే అదీ దాటుతుంది. కల్లం దగ్గర కాపలా పడుకుంటుంది. తోటలో బోరు పక్కన డ్రమ్ములో నీళ్లుంటే మూతి పెడుతుంది. ఆ డ్రమ్ములో పొద్దున ఏం మందు కలిపారో దానికేం తెలుసు?

ఈ నేల మీద విషం కొత్తదేమీ కాదు. వాన మొహం చాటేసిన ఏడాది ఎదగని జొన్న పిలకలు మేసిన పశువు నిమిషాల్లో కూలిపోతుంది. వాడిన పిలకల్లో సైనైడ్‌ను పుట్టించే పదార్థం పేరుకుపోవడమే కారణం. శాస్త్రం ఆ మాట చెప్పక ముందే మన పెద్దలు దానికి 'నాము' అని పేరు పెట్టుకున్నారు. ఏ చేలో మేపాలో, ఏ చేలో మేపకూడదో పిల్లలకూ తెలుసు. పశువు విషయంలో ఉన్న ఆ జాగ్రత్త కుక్క దగ్గరకొచ్చేసరికి ఉండదు. 'కుక్కకేం, రాళ్లు తిన్నా అరిగించుకుంటుంది' అంటాం. అరిగించుకోలేదు.

ఎలుకకు పెడితే...

ముందుగా అందరిళ్లలో ఉండేది, ఎలుకల మందు. అంగట్లో అడిగితే ఇచ్చేది ఒకటే అనుకుంటాం గానీ, అందులో ఒకదానికొకటి పోలిక లేని రకాలున్నాయి.

నల్లటి పొడిలా ఉండి ఘాటైన వెల్లుల్లి వాసన కొట్టేది జింక్ ఫాస్ఫైడ్. నూనె పట్టించిన నూకల్లో కలిపి పొలం గట్ల మీద పెడతారు. నూనె వాసనకు ఎలుక కంటే ముందు కుక్క వస్తుంది. కడుపులోని ఆమ్లం తగలగానే ఇది ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. పావుగంట నుంచి నాలుగు గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. దీనికి విరుగుడు లేదు. ఇక్కడ మనం చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, 'కడుపులో ఏమైనా పడితే విషం తగ్గుతుంది' అని అన్నమో పాలో పెట్టడం. తిండి పడగానే కడుపులో ఆమ్లం ఇంకా ఊరుతుంది, వాయువు ఇంకా పుడుతుంది. ఆ కుక్క వాంతి చేసుకుంటే వచ్చే వాసన పీల్చినవాళ్లకూ ప్రమాదమే. కార్లో తీసుకెళ్తుంటే అద్దాలన్నీ దించాలి. ఆటో అయితే మరీ మంచిది.

నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో బిళ్లల్లా దొరికేది బ్రోమాడయోలోన్. దీని తీరే వేరు. తిన్న రోజు ఏమీ ఉండదు. మర్నాడూ ఏమీ ఉండదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె పనిని ఇది లోలోపల ఆపేస్తుంది. ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయాక, మూడు నుంచి అయిదు రోజుల్లో చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారుతుంది. ఒక్కోసారి పైకి రక్తమే కనిపించదు. కుక్క కుంటుతుంది, దగ్గుతుంది, నీరసంగా మూల కూర్చుంటుంది. రక్తం లోపల కారుతోందని అర్థం. అప్పటికి బిళ్ల సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు! నిజానికి దీనికి చక్కటి విరుగుడు ఉంది, విటమిన్ కె1. మొదటి రోజే డాక్టరు దగ్గరకు వెళ్తే చాలావరకు కుక్క బతుకుతుంది. విటమిన్ కె3 అని ఇంకో రకం ఉంది, అది దీనికి పనిచేయదు.

చేలో చల్లే మందుల సంగతి రైతులకు చెప్పనక్కర్లేదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు లోపలికి పోతే నోట సొంగ, కంట నీరు, విరేచనాలు, ఒళ్లంతా వణుకు, కనుపాప గుండుసూది మొనంత కావడం కనిపిస్తాయి. ఫోరేట్ గుళికలు ఈ రకానివే. కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి వాటి మీద నిషేధం ఉంది. అంగట్లో నిషేధించినా పాత డబ్బా కొట్టంలో ఉంటే కుక్కకు అదీ ప్రమాదమే. ఈ రకం విషానికి అట్రోపిన్ ఇంజక్షన్ ఇస్తారు. పశువులకూ అవసరపడే మందు కాబట్టి మీ మండలంలోని పశువైద్యశాలలో ముందు అడగండి. మందు ఒంటి మీద పడి ఉంటే చేతులకు తొడుగులు వేసుకుని సబ్బుతో కడగాలి. లేకపోతే నాక్కుంటూ ఇంకా మింగుతుంది.

కావాలని మాంసం ముక్కలో మందు పెట్టే మనుషులూ ఉన్నారు. వీధికుక్కల బెడద నిజమే కావచ్చు గానీ, అందుకు ఇది దారి కాదు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టడం నేరం, అయిదేళ్ల దాకా జైలు.

బూజు పట్టిన బంగారం

ఇక శనక్కాయ. ఈ జిల్లాకు అన్నం పెట్టేదీ, అప్పులపాలు చేసేదీ అదే. కోత దగ్గరపడే వేళ వాన ఎగ్గొట్టి ఎండ మాడ్చేస్తే కాయ నేలలో ఉండగానే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. తీరా పీకి ఆరబెట్టాక ముసురు పట్టిందా, కల్లంలోనూ అంతే. ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కరవు, ఎండ దీనికి బలం. అనంతపురంలో రెండూ పుష్కలం.

ఈ విషం లోకానికి తెలిసిన కథ చిత్రంగా ఉంటుంది. 1960లో ఇంగ్లండులో సీమకోళ్లు ఉన్నట్టుండి రాలిపోవడం మొదలైంది. చచ్చినవి లక్షకు పైనే. రోగమేమిటో తేలక 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. ఆరా తీస్తే దాణాలో వాడిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఆ పిండికి బూజు పట్టి ఉంది.

అది కోళ్ల కథ. కుక్కల కథ మొన్నమొన్నటిది. 2020 చివర్లో అమెరికాలో ఒక కంపెనీ కుక్కల ఆహారం తిని కుక్కలు చనిపోతున్నాయని గోల మొదలైంది. 2021 జనవరి నాటికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్కలో చనిపోయినవి 110కి పైగా, జబ్బుపడ్డవి 210కి పైగా. ఆ ఆహారంలో ప్రమాదకర స్థాయిలో అఫ్లటాక్సిన్ తేలింది. రోజూ ఒకే సంచిలోంచి పెట్టే తిండి కావడంతో విషం కొంచెం కొంచెంగా కూడింది.

మన దగ్గర సంచి ఆహారం తినే కుక్కలు తక్కువే. కానీ మనం చేసేదేమిటి? మంచి గింజలు ఏరి ఊరుబిండికి, నూనెకు పక్కన పెడతాం. పుచ్చినవి, ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి కోళ్లకో కుక్కకో పారేస్తాం. విషం ఎక్కువగా చేరేది సరిగ్గా ఆ ఏరి పారేసిన గింజల్లోనే! వేయించినా ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. నాలుగు రోజులుగా కుక్క తిండి ముట్టకపోయినా, వాంతులవుతున్నా, చిగుళ్లూ కళ్లూ పచ్చబడినా, మలం నల్లగా వచ్చినా 'ఎండదెబ్బ' అని సరిపెట్టుకోకండి. బూజు కాయలు తిన్నదేమో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి.

శనక్కాయతో పాటు ఈ జిల్లాలో పండే ఆముదం సంగతీ ఉంది. నూనెలో విషం లేదు. నూనె తీశాక మిగిలే పిండిలో రైసిన్ ఉంటుంది. ఆ పిండినే గులాబీ మొక్కకు ఎరువని వేస్తాం. దాని వాసన కుక్కకు మహా ఇష్టం, కుండీ తవ్వి మరీ తింటుంది. ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు ఎప్పుడైనా రక్త విరేచనాలు పట్టుకోవచ్చు. విరుగుడు మందు లేదు, సెలైన్లతో నిలబెట్టుకోవాల్సిందే. ఇంట్లో కుక్క ఉంటే వేపపిండితో సరిపెట్టుకోవడం మంచిది.

చారు అన్నం మాటేమిటి?

వంటింట్లో చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు పడవని చాలామందికి తెలుసు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను దెబ్బతీస్తాయన్నది కొందరికి తెలుసు. ఎన్ని తింటే ప్రమాదమో చెప్పడానికి లెక్క లేదు, కాబట్టి ఒక్కటీ పెట్టొద్దు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే దోషి కావచ్చని 2021లో అమెరికాలోని జంతు విష నియంత్రణ కేంద్రం పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు అలాగే దెబ్బతినడం వాళ్ల ఆధారాల్లో ఒకటి. చింతపండు మార్కెట్‌కు పేరుమోసిన హిందూపురం ఉన్న సీమలో ఈ మాట చెప్పడం కాస్త ఇబ్బందే! చారు అన్నం తిని పెరిగిన కుక్కలు మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నాయి. నీళ్లచారుకూ, మూటలోంచి ఎత్తుకెళ్లిన పండు ముద్దకూ తేడా ఉంది. ముద్ద మింగితే మాత్రం ఆలస్యం చేయకండి. 'విషానికి విరుగుడు' అంటూ చిక్కటి చింతపండు పులుసు తాగించకండి.

జ్వరం వచ్చిందని మనం వేసుకునే మాత్ర కుక్కకు వేయడం ఇంకో అలవాటు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి దాని కడుపులో పుండ్లు చేసి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

చెత్తకుప్ప దగ్గర ఇంకో ప్రమాదం. కోడిమాంసం వాసన ఉన్న కవరును కుక్క కవరుతో సహా మింగుతుంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వాళ్లు ఆవుల కడుపులు కోసి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీశారు. 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు కూడా. ఆవు ఏళ్ల తరబడి మోస్తుందేమో గానీ, కుక్క పేగులో కవరు అడ్డుపడితే రోజుల్లోనే ప్రాణాపాయం.

ఆ మొదటి అరగంట

తిన్నట్టు అనుమానం రాగానే ముందు కుక్కను అక్కడి నుంచి పక్కకు లాగి కట్టేయండి. నోట్లో మిగిలినది తీసేయండి. రెండో మనిషి ఉంటే ప్యాకెట్ వెతకమనండి. డబ్బా, అట్ట, చీటీ ఏది దొరికినా సరే. వైద్యానికి మీరు చేయగల అతి పెద్ద సాయం అదే. వాంతిలో రంగు బిళ్ల ముక్కలో గింజలో కనిపిస్తే ఫోన్‌తో ఫొటో తీయండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువు ఎంత... డాక్టరు అడిగేవి ఇవే.

తర్వాత ఫోన్. ఇంటి వైద్యం కంటే ముందు ఫోన్. ఊళ్లలో కుక్క నోరు తెరిచి ఉప్పునీళ్లు, నూనె, పచ్చిగుడ్డు, పేడనీళ్లు పోసేవాళ్లు ఎక్కువ. కిలో బరువుకు 2 గ్రాముల ఉప్పే కుక్కకు విషంలా పనిచేయగలదు, 4 గ్రాములైతే ప్రాణం తీయగలదు. పది కిలోల కుక్కకు గుప్పెడు ఉప్పు పోస్తే ఇక వేరే విషం అక్కర్లేదు. వణుకుతున్న కుక్కకు ఏది తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె అయితే కొన్ని పురుగుమందులు ఒంట్లోకి ఎక్కడానికి దారి చేసి పెడుతుంది.

వాంతి చేయించడం మంచిదే, కానీ అన్ని వేళలా కాదు. తిన్న రెండు గంటల్లోపు, అదీ డాక్టరు చెబితేనే. కిరోసిన్, యాసిడ్ లాంటివి తాగినా, మూర్ఛ వస్తున్నా, స్పృహ లేకపోయినా అసలే వద్దు. విషాన్ని పీల్చుకోవడానికి డాక్టర్లు ఇచ్చే బొగ్గుపొడి ప్రత్యేకంగా తయారుచేసింది. పొయ్యిలో బొగ్గు నూరి పోస్తే ఆ పని చేయదు.

పశువుల సంచార వైద్యసేవలకు 1962 నంబరు ఉంది. మన రాష్ట్రంలో ఈ అంబులెన్సులు 2022 మేలో మొదలయ్యాయి. ప్రధానంగా పాడి పశువులకు, జీవాలకు ఉద్దేశించినవి. కాబట్టి బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఫోన్ చేస్తూనే దగ్గర్లోని పశువైద్యశాలకు బయల్దేరండి. దారిలో కుక్క మూతి కట్టొద్దు, వాంతి వస్తే ఊపిరాడదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక తోక ఊపిందంటే మళ్లీ అదే మాట మొదలవుతుంది. ఎలుకల బిళ్ల తిన్న కుక్కకు మూడో రోజు రక్తం గడ్డకట్టే పరీక్ష చేయిస్తారు. కె1 మాత్రలు సాధారణంగా మూడు, నాలుగు వారాలు వాడమంటారు. ఆఖరి మాత్ర అయిపోయిన రెండు రోజులకు ఇంకోసారి పరీక్ష చేయించాలి.