కర్ర గాజుకీ కూలి లెక్క ఉండాలి

ఊడ్పులు, కోతలు లేని రోజుల్లో నందిగాం, టెక్కలి, పలాస పల్లెల్లో ఆడకూలీలు అడిగే మాట ఒకటే. "ఇంటికాడ కూకొని చేసుకునే పనేటైనా ఉంటే చెప్పన్నా." కర్రతో గాజులు, పూసలు, చెవి లోలకులు చెయ్యడం అలాంటి పనే. మంచి పనే. అయితే మోసపోకుండా చేసుకోవాలి.

ఈ విద్య మనకు పరాయిది కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రతో బొమ్మలే కాదు, గాజులూ పూసలూ చేస్తారు. ఆ కర్ర మెత్తన, తెలుపు. బాగా ఆరబెట్టి, మిషను మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరిగే కర్రకు రంగు లక్క నొక్కి పడితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలాకుతో రుద్ది నునుపు చేస్తారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు వాడతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ దినాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగాయి.

మిషను లేనివాళ్లకూ దారి ఉంది. ఉద్దానంలో కొబ్బరిచిప్పకు కొదవ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటల్ని కూల్చేసినా ఉద్దానం కొబ్బరిని వదల్లేదు. సన్న రంపం, ఆకురాయి, గరుకు కాగితం, చిన్న బరమా ఉంటే చిప్పతో లోలకులు చెయ్యొచ్చు. పొడి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

అసలు సంగతి ఇక్కడుంది. పలాస జీడిపిక్కల పనిలో చేతులు కాల్చుకున్న ఒక అప్ప నన్ను అడిగింది: "జతకింత అని ఇస్తారు. బాగానే ఉంది. జత చెయ్యడానికి ఎంతసేపు పడతదో ఎవడు లెక్క కడతాడన్నా?"

మనమే కట్టాలి! కోసిన సేపు, అరగదీసిన సేపు, విరిగిపోయిన ముక్కలు, దీపం ఖర్చు, అన్నీ రాయండి. వచ్చిన డబ్బులోంచి ఖర్చు తీసేసి, మిగిలింది గంటల మీద పంచండి. అది పొలం కూలి కన్నా తక్కువైతే, మిగతాది దళారీ జేబులో ఉన్నట్టే. ఇంట్లో చేసే పనికి గోడ చాటు ఉంది. గోడ చాటు దోపిడీ ఎవరికీ కనబడదు.

2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం, యజమాని కోసం ఇంటి దగ్గర పనిచేసేవారినీ కార్మికులుగానే గుర్తించింది. ముడిసరుకు ఎవరిచ్చినా సరే అంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఇంటి పనివారి కోసం 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

అందుకే ఒంటరిగా బేరం ఆడొద్దు. పదిమంది కలిసి ఒక పుస్తకం పెట్టండి, ఒకే ధర చెప్పండి, సరుకు కలిపి అమ్మండి. మన చేతుల్లో పనితనం ఉంది. ధర చెప్పే నోరు కూడా మనదే కావాలి.