ప్యాడ్ ఇస్తే సరిపోదు, మార్చుకునే జాగ గూడ ఉండాలె

ముట్టయినంక ఆడపిల్ల బడి ఎందుకు మానేస్తది? సిగ్గు అంటరు పెద్దోళ్లు. సిగ్గొక్కటే గాదు, లెక్క గూడ ఉన్నది.

ఒక ప్యాడ్ 4 నుంచి 6 గంటలే ఉంచుకోవాలె. పొద్దుగాల 8 గంటలకు ఆటో ఎక్కిన పిల్ల ఇల్లు చేరేసరికి 5 అయితది. అంటే బడిల ఒక్కసారన్నా మార్చుకోవాలె. బాత్రూంకు గొళ్లెం లేకుంటే, నల్లాల నీళ్లు రాకుంటే, వాడింది వేసేందుకు డబ్బా లేకుంటే యాడ మార్చుకుంటది? ఇంట్లనే ఉంటది.

నెలకు 4 రోజులు పోతే 10 నెలలకు 40. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. అండ్ల 40 పోయినంక పాఠం ఎట్ల అందుతది? వెనుకబడ్డ పిల్లకు ఇంట్ల పెండ్లి ముచ్చట మొదలైతది.

2018ల ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేసిండ్రు. ఆంధ్రప్రదేశ్‌ల 2021ల 'స్వేచ్ఛ' పథకం పెట్టి, 7 నుంచి 12 తరగతుల పిల్లలకు నెలకు 10 ప్యాడ్లు అన్నరు. మంచి పనే. కానీ పగలు 3, రాత్రికి 1 లెక్కేసినా 5 రోజులకు 20 కావాలె. మిగతా సగం ఎవరు కొంటరు? కూలికి పోయే తల్లేనా?

నేను ఏ బడికి పోయినా ముందుగాల ఆడపిల్లల బాత్రూం గొళ్లెమే చూస్త. ఆడపిల్లలకు వేరే బాత్రూం ఉండాలని చట్టంలనే ఉన్నది. తమ్ముళ్లూ, ఇది ఆడోళ్ల ముచ్చటని పక్కకు జరగకుండ్రి. బడి కమిటీ మీటింగుల మీరే లేసి అడగుండ్రి: గొళ్లెం, నీళ్లు, మూత డబ్బా ఎప్పుడు పెడ్తరు?