చాకీకి ఒప్పుకున్నది 150, ఇప్పుడు అడిగేది 250: ఏం చెప్పాలి?



కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు చాకీ సెంటర్లు నడిపే మనవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. రైతు 150 గుడ్ల చాకీకి మాట ఇచ్చి అడ్వాన్సు కట్టి ఉంటాడు. మార్కెట్లో గూళ్ల ధర కాస్త పైకి పోగానే ఫోన్ చేస్తాడు: "అన్నా, ఈసారి 250 చెయ్యి." పాత గిరాకీ, మొహం మీద కాదనలేక "చూద్దాంలే" అంటాం. మనకు అది జవాబు కాదు. ఆయనకు మాత్రం అది ఒప్పుకున్నట్టే. తగాదా అక్కడే పుడుతుంది.

మేము చెప్పేది ఒక్కటే. పైన అడిగిన 100 పాత ఒప్పందంలోది కాదు, కొత్త ఆర్డరు. మొత్తం ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. ఏదైనా సరే, లెక్క చూసుకుని అదే రోజు చెప్పాలి.

ఏ లెక్క?

తేదీ: గుడ్లు పగలడానికి సుమారు 10, 11 రోజులు. రెండో జ్వరం దాటడానికి మరో వారం. అంటే చాకీ ఇచ్చే రోజుకు 17, 18 రోజుల ముందే గుడ్లు మన చేతిలో ఉండాలి. పురుగులు కట్టిన తర్వాత వచ్చిన ఆర్డరును ఆ బ్యాచ్‌లో ఇరికించలేం. వయసు కలవదు, జ్వరానికి ఒకేసారి కూర్చోవు.

చోటు: 100 గుడ్ల పురుగులకు మొదటి దశ చివరికి 14 చదరపు అడుగులు, రెండో దశ చివరికి 45 చదరపు అడుగులు కావాలి. అంత చోటు ఖాళీ లేకుంటే ట్రేలు కిక్కిరిసిపోతాయి. కొన్ని పురుగులకు ఆకు అందదు, సైజు హెచ్చుతగ్గులవుతుంది.

ఆకు: చాకీకి తినేది తక్కువే, కానీ లేత ఆకే కావాలి. చాకీ తోటలో అది చాలకపోతే ముదురు ఆకుతో సర్దలేం.

రైతు తోట: 100 గుడ్లకు అన్ని దశలూ కలిపి సుమారు టన్ను ఆకు పడుతుంది. అందులో 80 శాతం పైగా ఐదో దశలోనే. కాబట్టి "ఆకు ఎంత ఉందన్నా?" అని మనమే అడగాలి. ఐదో దశలో ఆకు చాలక పంట పోతే, నింద చాకీ మీదికే వస్తుంది.

రెండు దారులు మాత్రం వద్దు. ఒకటి, ముందే ఒప్పుకున్న వేరే రైతుల వాటాలోంచి కోసి ఇవ్వడం. అడ్వాన్సు కట్టి, షెడ్డు కడిగి, మందు కొట్టి ఎదురుచూసే చిన్న రైతుకు 100 బదులు 70 చేరితే, ఆ పంట ఆదాయం తగ్గుతుంది. పెద్ద గిరాకీ కోసం ఆయన నష్టపోకూడదు. రెండు, ఎక్కడివో తెలియని గుడ్లు తెచ్చి కలపడం. పెబ్రిన్ తల్లి చిలుక నుంచి గుడ్డులోకి వస్తుంది. 2006లో సవరించిన కేంద్ర పట్టు మండలి చట్టం గుడ్లు తయారుచేసేవాళ్లకు, చాకీ పెంచేవాళ్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది ఇందుకే.

ఇండెంట్ తీసుకునేటప్పుడే కాగితం మీదో, వాట్సాప్‌లోనో నాలుగు వరుసలు రాసుకోండి:

1. ఒప్పుకున్న గుడ్లు ఎన్ని, ఏ రకం, ఏ రోజు ఇవ్వాలి.
2. పెంచాలన్నా తగ్గించాలన్నా చాకీ రోజుకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి.
3. అదనానికి ధర, అడ్వాన్సు వేరుగా. "సరే, ఇస్తాం" అని రాస్తేనే ఒప్పుకున్నట్టు. బొటనవేలు బొమ్మ లెక్కలోకి రాదు.
4. గుడ్లు సరిగ్గా పగలక పురుగులు తగ్గితే, ముందు ఒప్పుకున్న ఇండెంట్లకే ఇవ్వాలి. అదనం తర్వాతే.

జవాబు ఇలా రాయొచ్చు: "అన్నా, ముందు అనుకున్న 150 ఆ తేదీకే ఖాయం. ఇంకో 50 ఇవ్వగలం, రేపటిలోగా అడ్వాన్సు వేయండి. మిగతా 50 తర్వాతి బ్యాచ్‌లో కావాలంటే ఇప్పుడే చెప్పండి."

చాకీ కొనే రైతులకూ ఒక మాట. మీరు 150 చెబితే సెంటరు వాళ్లు 200 దించి వెళ్తే మొహమాటపడొద్దు. వేరే ఒప్పందం లేకుంటే, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 37వ సెక్షన్ ప్రకారం చెప్పినంతే తీసుకుని మిగతాది వెనక్కి పంపొచ్చు, మొత్తం వద్దనొచ్చు కూడా. అంతా దించుకుంటే మాత్రం అంతటికీ ఒప్పుకున్న రేటు కట్టాలి. దించుకునే ముందు ఒకసారి తోట వైపు చూడండి.