మీటరు లెక్కపెట్టని ఊరికి టీవీ నంది

ఒగ్గు కథ చెప్పే కళాకారుడి మీద అరగంట డాక్యుమెంటరీ తీస్తే ఏ ఛానెల్ వేస్తుంది? వేసినా ప్రకటనలు ఎవరిస్తారు? జనగామ జిల్లా చిల్పూర్ చుట్టుపక్కల ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య జనగామ జిల్లా మాణిక్యాపురం వారు. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ పొందిన గడ్డం సమ్మయ్యదీ ఈ జిల్లానే, అప్పిరెడ్డిపల్లి. ఇలాంటివారి మీద కెమెరా తిప్పేవాళ్లకు ఒకప్పుడు ఓ ఆసరా ఉండేది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన టీవీ నంది అది.

నంది అంటే మనకు సినిమా గుర్తొస్తుంది. లేపాక్షి బసవన్న పేరుతో 1964 నుంచి సినిమాలకు ఇస్తూ వచ్చారు. టీవీ పెరిగాక దానికీ ఆ గౌరవం దక్కింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది, శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివింది 1983 నవంబర్ 14న. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక డైలీ సీరియల్ ఇంటింటి వ్యవహారమైంది.

అవార్డు పద్ధతి ఇదీ. ఏడాదిలో ప్రసారమైనవాటికి నిర్మాతలు దరఖాస్తు చేసేవారు. ప్రభుత్వం నియమించిన జ్యూరీ కూర్చుని చూసి ఎంపిక చేసేది. సీరియళ్లే కాదు, టెలీఫిల్ములు, పిల్లల చిత్రాలు, డాక్యుమెంటరీలు కూడా పోటీలో ఉండేవి. నటీనటులతో పాటు మాటల రచయిత, ఎడిటర్, కెమెరామన్, యాంకర్‌లకూ విడివిడిగా నందులుండేవి. రోజూ పనిచేసి తెర మీద ఒక్క క్షణం పేరు మెరిసి మాయమయ్యే ఎడిటర్‌ని ముఖ్యమైన వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు దీని పక్కన రేటింగును పెట్టి చూడండి. కొన్ని ఎంచుకున్న ఇళ్లలో టీవీకి మీటరు బిగిస్తారు. ఆ ఇంట్లో ఎవరు ఏం చూశారో అది నమోదు చేస్తుంది. ఆ కొన్ని ఇళ్ల లెక్కను మొత్తం జనానికి అన్వయిస్తారు, దాన్నిబట్టి ప్రకటనల ధర నిర్ణయమవుతుంది. సీరియల్ సాగాలా ఆగాలా అన్నదీ అక్కడే తేలుతుంది. అయితే ఆ మీటర్లు చాలా ఏళ్లు పట్టణాలకే పరిమితం. గ్రామాల ఇళ్లు లెక్కలోకి వచ్చింది 2015 అక్టోబర్‌లో, రేటింగులిచ్చే బార్క్ సంస్థ పల్లె గణాంకాలను కలిపినప్పుడు. అంటే తెలుగు సీరియళ్లు ఉధృతంగా నడిచిన కాలంలో చిల్పూర్ గుట్ట కింద టీవీ ముందు కూర్చున్న కుటుంబం ఆ లెక్కకు లేనట్టే. పల్లె ప్రేక్షకుడు పన్ను కట్టే ప్రభుత్వం పెట్టిన జ్యూరీకి మాత్రం అతన్ని పక్కన పెట్టే హక్కు లేదు. టీవీ నందికి నేనిచ్చే విలువ ఇక్కడే ఉంది.

జ్యూరీల మీద విమర్శలు రాలేదని కాదు, వచ్చాయి. అవి కొట్టిపారేయదగ్గవీ కావు. నాకు అంతకంటే పెద్ద లోపంగా కనిపించేది ఆలస్యం. రాష్ట్రం రెండయ్యాక 2014, 2015, 2016 సినిమా నందులను 2017 నవంబర్‌లో ఒకేసారి ప్రకటించారు. సినిమాకైతే ఆ ఆలస్యం కొంత చెల్లుతుంది, మళ్లీ ఆడించుకోవచ్చు. యూట్యూబ్ రాకముందు టెలీఫిల్ము ఒక రాత్రి ప్రసారమై పోయేది, టేపు ఏ బీరువాలో పడి ఉందో చెప్పేవారుండరు. అలాంటివాటికి అవార్డు జాబితాలో ఉన్న ఒక్క వరుసే చాలాసార్లు ఆనవాలు. టీవీకి అవార్డు ఇస్తే ఆ ఏడాదే ఇవ్వాలి, గెలిచినదాని ప్రతిని ప్రభుత్వం దాచాలి.

2025 జూన్ 14న హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం తొలి గద్దర్ అవార్డులు ఇచ్చింది. అవి సినిమా అవార్డులు. గద్దర్ పేరుతో టీవీకీ ఓ విభాగం తెరిస్తే అడగాల్సింది మెగా సీరియల్ బహుమతి కాదు. దానికి ప్రకటనల డబ్బు ఎలాగూ ఉంది. ముందు డాక్యుమెంటరీకి, పిల్లల చిత్రానికి నగదుతో సహా పెట్టాలి. ఛానెల్‌తో పని లేకుండా ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టిన జిల్లా కుర్రాళ్లకూ దరఖాస్తు చేసే వీలుండాలి, ఆ దరఖాస్తు కోసం హైదరాబాద్ రైలెక్కే అవసరం లేకుండా జనగామ కలెక్టరేట్‌లోనే తీసుకోవాలి.