సర్వర్‌ను ముందే ఎందుకు నడపాలి?

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో రెండు టెర్మినళ్లు తెరిచామనుకోండి. ఒకదాంట్లో సర్వర్, ఇంకోదాంట్లో క్లయింట్. క్లయింట్‌ను ముందు నడిపితే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తుంది. ఎందుకు?

సర్వర్ ముందుగా సాకెట్ తెరిచి, బైండ్‌తో ఒక పోర్టు నంబరు పట్టుకుని, లిజన్‌తో చెవి ఒగ్గాలి. అక్కడ వినేవాళ్లే లేకపోతే క్లయింట్ పంపిన టీసీపీ పిలుపును ఆపరేటింగ్ సిస్టమే తిప్పికొడుతుంది. వింటుంటే కనెక్ట్ కుదురుతుంది. అప్పుడు యాక్సెప్ట్ ఆ క్లయింట్ కోసమే ఇంకో సాకెట్ ఇస్తుంది. పాతది మిగతావాళ్ల కోసం వింటూనే ఉంటుంది. అసలు తెలివంతా ఇక్కడే ఉంది!

రెండూ ఒకే కంప్యూటర్లో ఉంటే చిరునామా 127.0.0.1. పోర్టు 9090 లాంటిది చాలు. సాకెట్, బైండ్, లిజన్, యాక్సెప్ట్, కనెక్ట్ అనే ఈ పిలుపులు 1983లో బర్కిలీ యూనిక్స్‌తో వచ్చాయి. నేటి పైథాన్‌లోనూ ఇవే పేర్లు.