పాత కత్తిని రుద్దితే చరిత్ర చెరుగుతుంది

కొండగట్టు: అటకపై తుప్పు పట్టిన పాత కత్తి కనిపించగానే గరుకు కాగితంతో రుద్ది మెరిపించాలనిపిస్తుంది. అలా చేస్తే దాని పుట్టుకను తెలిపే ఆనవాళ్లే చెరిగిపోతాయి. ఉక్కుకు పేరుపొందిన ఈ ప్రాంతంలో ఆ నష్టం చిన్నది కాదు.

కొండగట్టు నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటితే నిజామాబాద్ జిల్లా ఆరంభమవుతుంది. ఆ జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు తరలివచ్చేవారు. ఇక్కడి కొలుములను పరిశీలించిన హెన్రీ వాయిసీ వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది.

గుర్తించడం ఎలా?

సేకర్తలు జపాన్ సైనిక బాయ్‌నెట్‌ను ముద్రలను బట్టి పోలుస్తారు. 1897 నాటి 30వ నమూనా బాయ్‌నెట్ కత్తి పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. దానిపై ఆయుధ కర్మాగారం గుర్తు ఉంటుంది. మన కమ్మరుల ఉక్కుకు అటువంటి ముద్ర సాధారణంగా కనిపించదు. లోహంలోని చారలే దానికి ఆధారం.

మట్టి మూసలో ఇనుమును కర్బన పదార్థంతో కలిపి కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ఉక్కును సాగగొట్టినప్పుడు నీటి అలల వంటి చారలు ఏర్పడేవి. అవి లోహమంతటా వ్యాపించి ఉంటాయి. ఆమ్లంతో పైపైన గీసిన నకిలీ చారలు రుద్దితే పోతాయి. అయితే ఈ పరీక్ష ఇంట్లో చేయరాదు. చారలున్నంత మాత్రాన అది కోనసముద్రం ఉక్కేనని చెప్పలేం. దక్షిణాదిలో ఇతర చోట్లా ఇది తయారైంది. నిర్ధారణ నిపుణులకే వదలాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాలను చూస్తే పాత కత్తుల రూపురేఖలపై అవగాహన కలుగుతుంది.

చట్టం ఏమంటోంది?

నూరేళ్లు దాటిన కత్తి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు కావచ్చు. అటువంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు. భూమిలో దొరికిన విలువైన పాత వస్తువుల సమాచారాన్ని 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. తొమ్మిది అంగుళాలు మించిన కత్తులు, బాయ్‌నెట్లు ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తాయి. కనుక సేకరించే ముందు పోలీసులను సంప్రదించడం మేలు.

ఇంట్లోని కత్తికైతే పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ఎవరిది, ఎక్కడ దొరికింది అనే వివరాలు రాసి దాని వద్దే ఉంచాలి. ఊరు పేరు తెలియని కత్తి పాత ఇనుముగానే మిగులుతుంది.