చెంపదెబ్బ - తొమ్మిదో సెక్షన్

“ఒక్క చెంపదెబ్బకే విడాకులా?” 2020 ఫిబ్రవరిలో విడుదలైన ‘థప్పడ్’ హిందీ చిత్రంలో అత్తవారు, పుట్టింటివారు, చివరకు కథానాయిక పక్షాన నిలిచిన లాయరు సైతం వేసే ప్రశ్న ఇదే. అనుభవ్ సిన్హా దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి కథాస్థలం ఢిల్లీ. అయితే పార్లమెంటు వ్యవహారాలు గమనించేవారికి ఇందులో మరో విశేషమున్నది. కథను మలుపు తిప్పే నోటీసు వెనుక, 1955లో మన పార్లమెంటు చేసిన చట్టం నీడ కనిపిస్తుంది.

కథానాయిక అమృత (తాప్సీ పన్ను) ఇంటిల్లిపాదికంటే ముందు లేస్తుంది. టీ కాచి, అత్తగారికి చక్కెర పరీక్ష చేసి, ఆఫీసుకు బయలుదేరే భర్త వెంట కారుదాకా పరుగెత్తి ఆయన మరచినవి అందిస్తుంది. నేర్చిన నాట్యాన్ని ఎప్పుడో విడిచింది. లండన్ ఉద్యోగం సందర్భంగా ఇచ్చిన విందులో భర్త విక్రమ్ పైవారితో తగవుకు దిగి, వారించబోయిన ఆమెను అందరి ఎదుట కొడతాడు. ఆ పిదప అతడు చింతించినది తన ఉద్యోగం గురించే.

చిత్రంలో దెబ్బకన్న గట్టిగా తగిలే ఘట్టం వేరే ఉన్నది. అమృత తండ్రి సంస్కారవంతుడు. ఆయన భార్య ఒకప్పుడు పాడేది, మానివేసింది. తాను ఏనాడూ వద్దనలేదని ఆయన నమ్మకం. పాడమని కూడా ఏనాడూ అనలేదు గదా అన్నది ఆమె వేదన. మన ఇళ్ళలో ‘త్యాగం’ అనిపించుకునేది చాలావరకు ఈ విధంగానే జరుగుతుంది. ఆజ్ఞాపించిన వారుండరు గనుక అపరాధి కూడా ఉండడు. 2024 నాటి కేంద్రప్రభుత్వ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తుండగా, పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు.

అమృత పుట్టిల్లు చేరగా, తిరిగి రమ్మంటూ విక్రమ్ నోటీసు పంపుతాడు. ఇటువంటి భర్తలకు ఆధారం హిందూ వివాహ చట్టంలోని తొమ్మిదో సెక్షన్: దాంపత్య హక్కుల పునరుద్ధరణ. సహేతుకమైన కారణం లేకుండా విడిపోయినవారు తిరిగి కాపురానికి రావలసిందని కోర్టు డిక్రీ ఇవ్వవచ్చు. బిల్లు చర్చకు వచ్చిననాడే ఆచార్య కృపలానీ వంటివారు ఈ నిబంధనను ఎదిరించారు.

ఈ వివాదంలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. ‘మరో చరిత్ర’ కథానాయిక సరితపై ఆమె భర్త వేసిన ఇటువంటి దావా ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చేరగా, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి తొమ్మిదో సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. చట్టం భార్యాభర్తలిద్దరికీ సమానంగా కనిపించినా, బలవంతపు కాపురంలో గర్భం మోయవలసినది స్త్రీయేనని, ఆచరణలో అది భర్త చేతి ఆయుధమేనని ఆయన నిర్ణయం. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఇందుకు భిన్నంగా తీర్పు చెప్పింది. రాజ్యాంగ సూత్రాలను సంసారంలోకి తేవడం గాజుసామాను దుకాణంలోకి ఎద్దును తోలడం వంటిదని వ్యాఖ్యానించింది. 1984లో సుప్రీంకోర్టు కూడా సెక్షన్‌ను సమర్థించింది. దంపతులు రాజీపడేందుకు అది ఒక అవకాశమన్నది. అయినా తగవు తెగలేదు. 2019లో దీనిని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో మళ్ళీ పిటిషన్ పడింది.

అమృత భరణం కోరదు. గర్భవతియై ఉండీ విడాకులే తీసుకుంటుంది. అందరూ దెబ్బ ఒక్కటేనని లెక్కపెట్టారు. అంతకు ముందు గడిచిన ఉదయాలను లెక్కపెట్టినది ఆమె ఒక్కతే.

సంసారం గాజుసామాను వంటిదన్న మాట కాదనలేము. అయితే దానిని రోజూ తోమి, తుడిచి, సర్దుతున్నది ఎవరో, పగిలిన ముక్కలు ఎవరి చేతికి గుచ్చుకుంటున్నవో కూడా న్యాయస్థానాలు, శాసనసభ్యులు విచారించవలసి ఉన్నది.